ములుగు రోడ్డు బండి బేరం

హన్మకొండల, ములుగు రోడ్డు మీద
సెకండ్ హ్యాండ్ బండ్ల వరుసల
యాకూబ్ భాయ్ నన్ను నేరుగ స్కూటర్ కాడికే తోల్కపోయిండు.
"లేడీస్‌కు ఇదే మంచిగుంటది మేడం,
గేర్ల లొల్లి లేదు, చీర చిక్కదు,
కాళ్ళకాడ డబ్బా పెట్టుకోవచ్చు."

డబ్బా మాట నిజమే.
నీలిరంగు టీకాల డబ్బా,
లోపట నాలుగు ఐసు ప్యాకెట్లు,
వాటి నడుమ బొటనవేలంత సీసాలు.
బుధవారం, శనివారం దానితోనే నా కాపురం.

"మొరం మీద ఎట్ల పోతది భాయ్?"
"ఇంకెక్కడి మొరం మేడం, అంతా సీసీ రోడ్లే గద!"

తాడ్వాయి అవతల సీసీ రోడ్డు
ఓ బోరింగు కాడ తెగిపోతది.
కాంట్రాక్టరు బిల్లు ఆడికే అయిపోయిందంటరు.
ఆ తెగినకాడ నా డ్యూటీ మొదలైతది.
ఎడ్లబండ్లు కోసిన రెండు గాడులు,
నడుమ మోకాలంత గడ్డి,
వాగు, వాగుల మడమ మునిగే ఇసుక,
ఒడ్డెక్కితే రాళ్ళగుట్ట, గుట్ట దిగితే బూరుగులగూడెం.
ఇప్పచెట్ల కింద ఇగ బాట అంటే
ముందు పోయినోళ్ళు తొక్కిన ఆకులే.

ఆధార్ జిరాక్స్ పెట్టి
రెండు బండ్లనూ ఒక్కోరోజు అడిగి తెచ్చుకున్న.

స్కూటర్ ముద్దుగ పోయింది, బోరింగు దాక.
డబ్బా నా పాదాల నడుమ
తానం చేయించిన పసిపిల్ల లెక్క కదలకుండ కూసుంది.
ఇసుకల దిగంగనే
చిన్న గిర్రలు బెల్లంల ఈగలైనయ్.
దిగి, నూకి, మళ్ళ ఎక్కి, మళ్ళ దిగి,
గుట్ట మీద ఓ రాయి దాని కడుపు గీకితే
ఆ చప్పుడుకు నా పండ్లు జివ్వుమన్నయ్.
దిగుడుకాడ రెండు బ్రేకులు పిసికి పట్టినా
మొరం గులకల మీద జారుకుంటనే పోయింది.
తునికాకు కట్టలు కడుతున్న సోయం లచ్చుతాత
తలెత్తి చూసి అన్నడు:
"ఎద్దయితే కాలు పెట్టేముందు ఆగి చూస్తది బిడ్డా.
దీనికి ఆగుడు ఎవ్వలు నేర్పలేదా?"

తెల్లారి వంద సీసీ పాత మోటర్ సైకిల్.
సైలెన్సర్‌కు బైండింగ్ వైరు,
మూడు కిక్కులకు ఒక్క దగ్గు.
నలభై మూడేండ్లకు తొలిసారి పంజాబీ డ్రెస్సు తొడిగి,
అదీ నా బిడ్డది, చంకల కాడ బిగుసుకుపోయింది.
"నర్సమ్మ మొగోళ్ళ బండెక్కిందిరో" అని
బోరింగు కాడ ఎవడో అన్నడు. అననీ.
ఇసుకల ఫస్ట్ గేరేసి
రెండు కాళ్ళు రెండు దిక్కుల ఆనిచ్చుకుంట పోతే
బర్రె బురద దాటినట్టు దాటింది.
కని వెనుక ట్యూబు రబ్బరుతోని కట్టిన డబ్బా
గాడి గాడికీ ఎగిరి పడుతుంటే
నా పానం ముందు చూపుల లేదు,
అంతా సీసాలల్లనే ఉంది.

దిగుడు వచ్చింది.
ఎక్స్‌లేటర్ వదిలేసిన.
ఇంజను తనంతట తానే గుర్రుమనుకుంట
బరువును పట్టి పట్టి కిందికి దించింది.
లచ్చుతాత ఈసారి ఏమనలే.
బీడీ ఆర్పి, కట్ట మీద కట్ట పెట్టిండు.

ఇరవై ఎనిమిది వేలు చెప్పిండు యాకూబ్ భాయ్.
ఇరవై నాలుగున్నరకు తెగింది.
"శారీ గార్డు ఫ్రీగ ఏపిస్త మేడం."
"అది నువ్వే ఉంచుకో భాయ్,
దాని బదులు సీటుకు ఆనేటట్టు ఇనుప క్యారియర్ వెల్డింగ్ పెట్టియ్యి.
డబ్బా ఎగరొద్దు."

ఇప్పటికీ వానకాలం హన్మకొండకు మీటింగుకు పోతే
ముందల కూరగాయల సంచి పెట్టుకొని
స్కూటర్ మీద ఉల్కరగ పోయే ఆడోళ్ళను
కొంచెం సేపు చూస్త.

ఎండకాలం, పదకొండింటికి,
గుట్ట మీద గాలి కూడ కాలుతున్నప్పుడు
మూత సందులకెల్లి చెమ్మ కారి
డ్రెస్సు తడిసి
నా నడుముకు సల్లగ తాకుతది డబ్బా.
బూరుగులగూడెం పోరగాళ్ళు ఆ మరక చూసి నవ్వుతరు.
నవ్వేటోళ్ళకే ముందు సూది.